సత్యనారాయణపురం ప్రాణాయామ తరగతులు: ప్రాణాన్ని గాలితో సరిపెట్టని బోధన

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పాత మేడ పై అంతస్తులో రెండు నెలల ప్రాణాయామ శిక్షణ నడుస్తోంది. కళాశాలలో సంస్కృతం చెప్పి పదవీ విరమణ చేసిన మాస్టారొకరు, యోగశాస్త్రంలో పట్టా పొందిన శిక్షకురాలొకరు కలిసి దీన్ని నిర్వహిస్తున్నారు. బోర్డు చిన్నది, ప్రచారం తక్కువ. ఇంతకుముందు నేర్చుకున్నవారు చెప్పగా విని చేరేవారే ఎక్కువ. శిక్షణ మొత్తం పూర్తిచేసిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఇది ఆసనాల తరగతి కాదు, బరువు తగ్గించే కార్యక్రమం అంతకన్నా కాదు. మన శాస్త్రాలు ప్రాణం గురించి ఏం చెప్పాయో ముందు వివరించి, ఆ వివరణకు తగినట్టు శ్వాసను సాధన చేయించే తరగతి. ఈ పద్ధతిలో బోధించే చోటు మన ఊళ్లో నాకు మరొకటి కనబడలేదు కనుక, మంచిచెడ్డలు రెండూ కొంత వివరంగానే చెప్పాలనుకుంటున్నాను.

బెంజి సర్కిల్ నుంచి భవానీపురం దాకా ఎటు వెళ్లినా ‘ప్రాణశక్తి’ అన్న మాట ఏదో ఒక గోడమీద కనబడుతూనే ఉంటుంది. ఆ మాట కింద ఒకరు నిద్రలేమికి చికిత్స చేస్తామంటారు, ఒకరు మోకాళ్ల నొప్పులు పోగొడతామంటారు, మరొకరు వ్యాపారం కలిసివస్తుందంటారు. ఇంతమంది వాడుతున్న ఆ మాటకు అర్థమేమిటని అడిగితే ‘అదొక శక్తి అండీ’ అన్న సమాధానం దగ్గరే సంభాషణ ఆగిపోతుంది. రెండున్నర వేల ఏళ్లుగా ఉపనిషత్తుల నుంచి ఆయుర్వేదం దాకా, వేదాంతం నుంచి హఠయోగం దాకా తరచి తరచి చర్చించిన విషయాన్ని ఇంత పలచగా వాడుకోవడం నాకు బాధ కలిగించే సంగతి. అందువల్ల ఈ శిక్షణలో నేను మొదట చూసింది, ప్రాణం అంటే ఏమిటన్న ప్రశ్నను బోధకులు ఎదుర్కొంటారా, తప్పించుకుంటారా అన్నదే. ఎదుర్కొన్నారు.

తరగతి ఉదయం ఐదున్నరకు మొదలై ఏడు గంటలకు ముందే ముగుస్తుంది. వారంలో నాలుగు రోజులు సాధన, రెండు రోజులు పాఠం. పాఠం చెప్పే రోజున కూడా చివరి పావుగంట శ్వాస మీద కూర్చోబెడతారు. ఒక్కో బ్యాచ్‌లో ఇరవై మందికి మించి చేర్చుకోరు. వచ్చేవారిలో సగానికి పైగా అరవై దాటినవారు. మిగిలినవారు ఉద్యోగాలకు వెళ్లేలోగా వచ్చిపోయేవారు, కొందరు గృహిణులు. పాఠం పూర్తిగా తెలుగులోనే సాగుతుంది. శ్లోకమో మంత్రమో వస్తే మాస్టారు ముందు పదాలు విడదీసి, తరువాత అన్వయం చెప్పి, ఆపైన తాత్పర్యం చెబుతారు. సంస్కృతం రానివారికి ఇబ్బంది లేదు, వచ్చినవారికి విసుగు కలగదు.

మొదటి పాఠం ఛాందోగ్యోపనిషత్తు ఐదవ అధ్యాయంలోని కథ. వాక్కు, కన్ను, చెవి, మనస్సు, ప్రాణం తమలో ఎవరు గొప్ప అని తగవుపడి ప్రజాపతి దగ్గరకు వెళతాయి. ఎవరు వెళ్లిపోతే శరీరం అన్నిటికన్నా హీనంగా మిగులుతుందో వారే శ్రేష్ఠులని ఆయన తీర్పు చెబుతాడు. వాక్కు ఏడాది పాటు వెళ్లి తిరిగివస్తుంది. ఆ ఏడాదీ శరీరం మూగవాడిలా బతికింది. కన్ను వెళితే గుడ్డివాడిలా, చెవి వెళితే చెవిటివాడిలా, మనస్సు వెళితే ఊహ తెలియని పసివాడిలా బతికింది. చివరకు ప్రాణం కదలబోయేసరికి, మేలుజాతి గుర్రం కట్టిన మేకులన్నిటినీ పెళ్లగించినట్లు, మిగిలిన ఇంద్రియాలన్నీ వేళ్లతో సహా ఊగిపోయాయి. నువ్వే మాలో శ్రేష్ఠుడివి, వెళ్లవద్దని వేడుకున్నాయి. ఇదే తగవు బృహదారణ్యకం ఆరవ అధ్యాయంలోనూ ఉంది. ఈ కథను చాలామంది ఉపన్యాసకులు వినోదంగా చెప్పి వదిలేస్తారు. మాస్టారు అక్కడ ఆగి ఒక విషయం వైపు దృష్టి మళ్లించారు. నిద్రలో వాక్కు లేదు, చూపు లేదు, మనస్సు కూడా అణగి ఉంటుంది. అయినా ఊపిరి ఆడుతూనే ఉంటుంది, తిన్నది అరుగుతూనే ఉంటుంది. మనం పూనుకుని చేయని ఆ పనిని చేస్తున్నది ఏదో, దాని గురించే ఉపనిషత్తు మాట్లాడుతోందని ఆయన వివరించారు. ఆ మాటతో హాలులో అందరూ తమ ఊపిరిని కొత్తగా గమనించడం మొదలుపెట్టారు. కథను సాధనకు ఇంత సూటిగా కలపడం మంచి బోధకుడికే సాధ్యం.

తరువాతి పాఠాలన్నిటికీ వెన్నెముక ప్రశ్నోపనిషత్తు. అథర్వవేదానికి చెందిన ఈ ఉపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు సమిధలు చేతబట్టి పిప్పలాద మహర్షి దగ్గరకు వస్తారు. ఏడాది పాటు తపస్సుతో, బ్రహ్మచర్యంతో, శ్రద్ధతో నాతో ఉండండి, ఆపైన అడగండి, తెలిస్తే చెబుతానని ఆయన అంటాడు. ఆ ఆరు ప్రశ్నలలో మూడవది కౌసల్యుడైన ఆశ్వలాయనుడిది: ఈ ప్రాణం ఎక్కడి నుంచి పుడుతుంది, ఈ శరీరంలోకి ఎలా వస్తుంది, తన్ను తాను విభజించుకుని ఎలా నిలుస్తుంది, ఏ దారిన బయటికి పోతుంది, బయటి ప్రపంచాన్ని, లోపలి ప్రపంచాన్ని ఎలా నిలబెడుతుంది? పిప్పలాదుడు, నువ్వు చాలా పెద్ద ప్రశ్నలు అడుగుతున్నావని అంటూనే సమాధానం చెబుతాడు. ఆత్మ నుంచే ప్రాణం పుడుతుంది, మనిషిని నీడ అంటిపెట్టుకున్నట్లు దాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. ఈ ఒక్క ప్రశ్నకు ఈ తరగతిలో రెండు వారాలకు పైగా సమయం ఇచ్చారు. అంత సమయం దానికి తగినదే.

ఐదు ప్రాణాల పాఠం ఈ శిక్షణకంతటికీ తలమానికం. ఉపనిషత్తు చెప్పిన ప్రకారం కంటిలో, చెవిలో, నోటిలో, ముక్కులో ముఖ్యప్రాణం స్వయంగా ఉంటుంది. విసర్జన, జనన అవయవాల దగ్గర అపానం ఉంటుంది. నడుమ సమానం ఉండి, ఆహుతిగా వేసిన అన్నాన్ని అంతటికీ సమంగా చేరుస్తుంది. నాడులన్నిటా వ్యానం సంచరిస్తుంది. పైకి వెళ్లే ఒకే నాడి ద్వారా ఉదానం జీవుణ్ణి కర్మానుసారంగా ఆయా లోకాలకు చేరుస్తుంది. ఇంతవరకు పుస్తకం తెరిచి చదివినా తెలుస్తుంది. మాస్టారు చేసిన మేలు ఏమిటంటే, దీన్ని మన ఇళ్లలోని భోజనవిధికి కలిపి చూపడం. విస్తరి చుట్టూ నీళ్లు తిప్పి, ఆపోశనం పట్టి, ‘ప్రాణాయ స్వాహా, అపానాయ స్వాహా, వ్యానాయ స్వాహా, ఉదానాయ స్వాహా, సమానాయ స్వాహా’ అంటూ మెతుకులు నోట్లో వేసుకునే అలవాటు కృష్ణా, గుంటూరు జిల్లాలలో ఇప్పటికీ చాలా ఇళ్లలో పెద్దవాళ్లకు ఉంది. దీని మూలం ఛాందోగ్యంలోని ప్రాణాగ్నిహోత్రమని, అక్కడ ఒక్కొక్క ప్రాణానికి వేసిన ఆహుతి ఒక్కొక్క ఇంద్రియాన్నీ దాని అధిదేవతనూ తృప్తిపరుస్తుందని చెప్పి ఉందని ఆయన వివరించారు. బ్యాచ్‌లో ఒక గృహిణి, ‘మా మామగారు రోజూ ఇలాగే చేస్తారండీ, ఎందుకని ఎప్పుడూ అడగలేదు’ అన్నారు. ‘ఈ రోజు వెళ్లి అడగండమ్మా, చెప్పగలిగితే ఆయనకూ సంతోషంగా ఉంటుంది’ అన్నారు మాస్టారు. కడుపులో వైశ్వానరాగ్నిగా ఉండి, ప్రాణాపానాలతో కూడి, నాలుగు విధాల అన్నాన్ని పచనం చేస్తున్నానని గీత పదిహేనవ అధ్యాయంలో భగవానుడు చెప్పిన మాట కూడా ఆ పాఠంలోనే వచ్చింది. భోజనాన్ని యజ్ఞంగా చూసిన సంప్రదాయానికి ప్రాణం కేవలం ఊపిరి ఎలా అవుతుంది?

ఈ చివరి విషయాన్ని ఆయన శాస్త్రప్రమాణంతోనే నిలబెట్టారు. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాలలో రెండవ అధ్యాయం నాలుగవ పాదం తొమ్మిదవ సూత్రం, ముఖ్యప్రాణం వట్టి వాయువూ కాదు, ఇంద్రియాల ఉమ్మడి వ్యాపారమూ కాదు, ఎందుకంటే శ్రుతి దాన్ని వాటి నుంచి వేరుగా ఉపదేశించింది అని తేల్చి చెబుతుంది. శంకర భగవత్పాదులు భాష్యంలో, వాయువే దేహంలో ఒక విశేషమైన స్థితిని పొంది ఐదు వృత్తులతో నిలిచినప్పుడు దాన్ని ప్రాణమంటారని సమన్వయించారు. అంటే గాలితో సంబంధం ఉంది, కానీ గాలితో సమానం కాదు. ఈ సన్నని విభజనరేఖను మాస్టారు శిక్షణ చివరి రోజు దాకా చెరపనివ్వలేదు. ఎవరైనా ప్రాణం అంటే ఆక్సిజనేనా అని అడిగితే, ఆయన నొచ్చుకోకుండా, ప్రతిసారీ ఓపికగా ఈ సూత్రానికి తిరిగివచ్చారు.

తైత్తిరీయోపనిషత్తు పాఠం కొంచెం తొందరగా ముగిసింది. మనిషిలో ఒకదాని లోపల ఒకటిగా ఉన్న ఐదు కోశాలలో, అంటే పొరలలో, అన్నమయ కోశం లోపల ప్రాణమయం, దాని లోపల మనోమయం, ఆపైన విజ్ఞానమయం, ఆనందమయం అన్న వరుస చెప్పి, భృగువు తండ్రి వరుణుడి దగ్గర ఉపదేశం పొంది, తపస్సు చేసి అన్నమే బ్రహ్మమని, తరువాత ప్రాణమే బ్రహ్మమని తెలుసుకుంటూ ముందుకు వెళ్లిన తీరు క్లుప్తంగా చెప్పారు. తెలుగునాట వైదికులలో అత్యధికులు చదువుకునేది తైత్తిరీయ శాఖే. మన గుడులలో రోజూ వినబడే పన్నాలలో చాలా భాగం దానివే. అటువంటప్పుడు ఈ పాఠానికి ఒకటి రెండు రోజులు అదనంగా ఇచ్చి ఉంటే బాగుండేది. భృగువు ప్రాణం దగ్గర ఆగిపోలేదన్న విషయం ప్రాణాయామం నేర్చుకునేవాడు తప్పక తెలుసుకోవలసినది.

నాడుల పాఠంలో మాస్టారు బోర్డు మీద ఒక లెక్క వేసి చూపారు. హృదయంలో నూట ఒక్క నాడులు, ఒక్కొక్కదానికి నూరేసి శాఖలు, ఒక్కొక్క శాఖకు డెబ్బై రెండు వేలేసి ఉపశాఖలు అని ప్రశ్నోపనిషత్తు అంటుంది. అన్నీ కలిపితే 72,72,10,201. హఠయోగ గ్రంథాలలో తరచు వినబడే 72,000 అన్న సంఖ్య వేరు, ఇది వేరు అని ఆయన స్పష్టం చేశారు. శ్వాస సంఖ్యను కూడా ఇలాగే చూపారు: నిమిషానికి పదిహేను చొప్పున రోజుకు 21,600 శ్వాసలు, హకారంతో బయటికి, సకారంతో లోపలికి నడిచే హంసమంత్రాన్ని జీవుడు ఎడతెగకుండా జపిస్తున్నాడని చెప్పేచోట వచ్చే సంఖ్య ఇదే. విశ్రాంతిగా ఉన్న మనిషి శ్వాస సాధారణంగా నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై మధ్య ఉంటుంది కనుక ఆ లెక్క అనుభవానికి దూరం కాదు.

అయితే నాడుల విషయంలోనే శిక్షకురాలి వివరణతో నేను ఏకీభవించలేకపోయాను. యోగగ్రంథాలు ముఖ్యంగా చెప్పే మూడు నాడులలో ఇడ అంటే శరీరాన్ని విశ్రాంతి వైపు నడిపే పారాసింపథెటిక్ నాడీవ్యవస్థ, పింగళ అంటే చురుకు పుట్టించే సింపథెటిక్ వ్యవస్థ, సుషుమ్న అంటే వెన్నుపాము అని ఆవిడ ఒక పటం గీసి చూపారు. వినడానికి సులభంగా ఉంది, గుర్తుపెట్టుకోవడానికి ఇంకా సులభం. కానీ ఆ గ్రంథాలు చెప్పే నాడి శవపరీక్షలో కనబడే నరం కాదు. ధ్యానంలో, శ్వాసలో తెలుసుకోవలసిన మార్గం. రెండిటినీ ఒకటి చేస్తే శాస్త్రానికీ న్యాయం జరగదు, వైద్యానికీ జరగదు. రెండు ముక్కుపుటాలలో గాలి ధారాళత కొన్ని గంటలకొకసారి ఒక పక్క నుంచి మరొక పక్కకు మారుతుందన్నది మాత్రం నిజంగా కొలిచి చూడగలిగిన విషయం. ఏ ముక్కుపుటంలో శ్వాస నడుస్తోందో పరిశీలించే స్వరశాస్త్రం చంద్రనాడి, సూర్యనాడి అని ఎప్పటి నుంచో గమనించిన ఈ మార్పును జర్మన్ వైద్యుడు రిచర్డ్ కైజర్ 1895లో ఆధునిక వైద్యసాహిత్యంలో నమోదు చేశాడు. ఆవిడ పటం బదులు ఈ ఒక్క సంగతి చెప్పి, అద్దం ముందు ముక్కు పెట్టి ఏ పక్క ఆవిరి ఎక్కువ పడుతోందో చూడమని ఉంటే అందరికీ మరింత ఉపయోగపడేది.

ఇక సాధన. ఇందులో ఆవిడకు సాటి లేదు. మొదటి రెండు వారాలు కుంభకం, అంటే ఊపిరి ఆపడం, మాటే ఎత్తలేదు. చాప మీద దుప్పటి నాలుగు మడతలు వేసి, దాని అంచున కూర్చోబెట్టి, మోకాళ్లు తుంటి కన్నా కిందకు దిగేలా, వెన్ను నిటారుగా ఉండేలా ఒక్కొక్కరినీ సరిచేశారు. కింద కూర్చోలేనివారికి చేతులు లేని కుర్చీ వేశారు. ఆ తరువాత పతంజలి యోగసూత్రాల రెండవ పాదంలో చెప్పిన దేశం, కాలం, సంఖ్య అన్న మూడిటినీ ఒక్కొక్క వారం సాధనాంశంగా తీసుకున్నారు: శ్వాస ఎక్కడ తాకుతోంది, ఎంతసేపు సాగుతోంది, ఎన్ని సాగాయి. ప్రాణాయామం దీర్ఘంగా, సూక్ష్మంగా మారుతుందని సూత్రం చెప్పిన మాట సంఖ్య నేర్చుకునే వారం వచ్చేసరికి ఎవరూ వివరించనక్కరలేకుండానే అర్థమైంది. ఒక్కొక్క ముక్కుపుటంతో మార్చి మార్చి శ్వాసించే నాడీశుద్ధిలో ఉంగరపు వేలు, బొటనవేలు ముక్కును నొక్కకుండా ఆనీ ఆనకుండా ఎలా ఉంచాలో ఆవిడ పదేపదే చూపారు. మోచెయ్యి పైకెత్తితే భుజం అలిసిపోతుందని, తల ఒక పక్కకు ఒరిగితే అటువైపు శ్వాస బిగుసుకుంటుందని గమనించి చెప్పేవారు. ఇన్ని చిన్న విషయాలు చూసుకునే ఓపిక పెద్ద పెద్ద సంస్థలలో కూడా అరుదు.

పూరకానికి, అంటే ఊపిరి పీల్చడానికి, నాలుగు మాత్రల కాలం, రేచకానికి, అంటే వదలడానికి, ఆరు, క్రమంగా ఎనిమిది. అంతే. పదహారు మాత్రల పూరకం, అరవై నాలుగు కుంభకం, ముప్ఫై రెండు రేచకం అన్న పెద్ద లెక్కను గ్రంథంలో ఉందని చెప్పారే తప్ప ఎవరి చేతా చేయించలేదు. సింహాన్ని, ఏనుగును, పులిని ఎలా మెల్లమెల్లగా వశపరుచుకుంటారో వాయువును అలాగే సేవించాలి, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుంది అని స్వాత్మారాముడు తన హఠయోగ గ్రంథం హఠయోగప్రదీపిక రెండవ ఉపదేశంలో హెచ్చరించాడు. ఈ శ్లోకాన్ని చాలాచోట్ల గోడకు వేలాడదీస్తారు, ఇక్కడ పాటించారు. బ్యాచ్‌లోని ఒక పెద్దాయన, ‘నాకు బీపీ ఉందండీ, ఊపిరి ఆపే సాధన చెయ్యొచ్చాండీ?’ అని అడిగితే, ‘వద్దు బాబాయిగారూ, మీరు రేచకం ఒక్కటే నెమ్మదిగా పెంచుకోండి. మందు మాత్రం డాక్టరుగారు చెప్పేదాకా మానకండి’ అని ఆవిడ అందరూ వినేలా చెప్పారు. గుండెజబ్బు, మూర్ఛ, హెర్నియా, కంటిలో నీటికాసులు (గ్లకోమా) ఉన్నవారినీ, గర్భిణులనూ, ఇటీవల పొట్టకు శస్త్రచికిత్స జరిగినవారినీ వేగమైన శ్వాసక్రియలకు దూరంగా ఉంచారు.

మే నెల విజయవాడ ఎండలు ఎలా ఉంటాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో శీతలి, శీత్కారి నేర్పారు. నాలుకను గొట్టంలా మడిచి గాలి పీల్చడం శీతలి. నాలుక మడత పడనివారు పళ్ల సందుల నుంచి పీల్చేది శీత్కారి. ప్రదీపిక చెప్పే అష్టకుంభకాలలో ఈ రెండూ ఉన్నాయి. సూర్యభేదనం, ఉజ్జాయి, భస్త్రిక, భ్రామరి, మూర్ఛ, ప్లావిని మిగిలిన ఆరు. చివరి రెండిటినీ పేరు చెప్పి వదిలేశారు, అది సబబే. భ్రామరి నేర్పిన రోజు ఇరవై మంది తుమ్మెదనాదం ఒక్కసారి ఎత్తుకుంటే కలిగిన ప్రశాంతత గురించి నేనెంత రాసినా తక్కువే.

ఈ నెమ్మదితనం వెనుక ఆధునిక శరీరశాస్త్రం కూడా ఉంది. ఐదు సెకన్లు లోపలికి, ఐదు సెకన్లు బయటికి సాగే శ్వాస నిమిషానికి ఆరు అవుతుంది. ఆ లయలో గుండె కొట్టుకునే వేగంలోని హెచ్చుతగ్గులు, రక్తపోటును సర్దే సహజ ప్రతిక్రియ ఒకదానికొకటి జత కుదురుతాయి. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక ఇటాలియన్ అధ్యయనం, 23 మంది ఆరోగ్యవంతులు లాటిన్‌లో మరియమాత ప్రార్థనను గానీ, ‘ఓం మణి పద్మే ఓం’ మంత్రాన్ని గానీ జపించినప్పుడు శ్వాస దానంతట అదే నిమిషానికి ఆరు దగ్గరకు వచ్చిందని చూపింది. మన సంధ్యావందనంలో ‘భూః, భువః’ మొదలైన ఏడు వ్యాహృతులతో, ‘శిరస్సు’ అనే చివరి మంత్రభాగంతో కూడిన గాయత్రిని ప్రాణాయామంగా చేసే విధి కూడా మంత్రానికీ శ్వాసకూ వేసిన ముడే. లోనావ్లాలో 1924లో కైవల్యధామను స్థాపించిన స్వామి కువలయానంద ఈ క్రియలను పరికరాలతో కొలిచి పరిశోధించడానికి బాట వేశారు. ఆయన పేరు తరగతిలో వినబడటం నాకు సంతోషం కలిగించింది.

ఇంత మంచి బోధనకు మచ్చ తెచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. మొదటిది మెట్ల దగ్గర అంటించిన పోస్టరు. ప్రాణాయామంతో శరీరానికి అనేక రెట్లు ఆక్సిజన్ అందుతుందని అందులో రాసి ఉంది. కోవిడ్ నాటి నుంచి చాలా ఇళ్లలో ఉన్న పల్స్ ఆక్సీమీటరును వేలికి పెట్టుకుంటే, ఆరోగ్యవంతుడికి మామూలుగా కూర్చున్నప్పుడే 95 నుంచి 100 మధ్య చూపుతుంది. అనేక రెట్లు పెరగడానికి అక్కడ ఖాళీ లేదు. పై అంతస్తులో మాస్టారు బ్రహ్మసూత్రం ఉదాహరించి ప్రాణం గాలి కాదని నిరూపిస్తుండగా, కింద అదే సంస్థ ప్రాణాన్ని ఆక్సిజన్‌గా అమ్మజూపడం ఆయన శ్రమను తక్కువ చేయడమే. ఆ పోస్టరు తీసేయాలని నిర్వాహకులకు నా గట్టి విన్నపం.

రెండవది సాయంత్రం బ్యాచ్. దాన్ని వేరే శిక్షకుడు చూస్తారు. నేను గమనించినంతలో అక్కడ తొలిరోజుల నుంచే కపాలభాతిని, అంటే ఊపిరిని కుదుపులతో బయటికి నెట్టే క్రియను, వేగంగా, పోటీ పడినట్లు చేయిస్తున్నారు. ప్రదీపిక కపాలభాతిని ప్రాణాయామంలో చేర్చలేదు. ధౌతి, బస్తి, నేతి, త్రాటకం, నౌలితో పాటు షట్కర్మలలో, అంటే ప్రాణాయామానికి ముందు చేసే శుద్ధిక్రియలలో ఉంచింది. కఫం, మేదస్సు అధికంగా ఉన్నవారే ముందుగా షట్కర్మలు చేయాలని, మిగిలినవారికి అవసరం లేదని కూడా చెప్పింది. పైగా అదుపు లేకుండా వేగంగా ఊపిరి వదిలినప్పుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడుకు వెళ్లే రక్తనాళాలు సన్నబడి తల తిరుగుతుంది. ఆ తల తిరగడాన్ని ‘శక్తి లేస్తోంది’ అని అక్కడ ఎవరో అంటుంటే విన్నాను. అది ప్రమాదకరమైన మాట. ఉదయం బ్యాచ్‌కు ఉన్న క్రమశిక్షణ సాయంత్రం బ్యాచ్‌కు కూడా వచ్చేదాకా, ఉద్యోగస్తులు కష్టమైనా ఉదయమే వెళ్లడం మేలు.

మూడవది ఆదివారాల్లో అదే హాలులో బయటి వ్యక్తి ఒకరు చేసే చికిత్స. చెయ్యి తాకించకుండా, ఎదురుగా నిలబడి, చేతులు ఊపుతూ ప్రాణశక్తిని పంపుతామంటారు. దానికి వేరే రుసుము. మాస్టారు నేర్పిన ఏ గ్రంథంలోనూ ఆ పద్ధతికి ఆధారం నాకు కనబడలేదు. నమ్మకం ఉన్నవారు వెళతారు, అది వారి ఇష్టం. కానీ మధుమేహం, రక్తపోటు తగ్గుతాయని రాసిన కరపత్రంలో మందులు మానవద్దన్న ఒక్క వాక్యం లేకపోవడం సరికాదు. తరగతిలో శిక్షకురాలు అంత జాగ్రత్తగా చెప్పిన ఆ వాక్యాన్ని కరపత్రం మీద అచ్చువేయడానికి పెద్ద ఖర్చు కాదు.

పాఠ్యప్రణాళికలో నాకు తోచిన లోటు ఇంకొకటి. అమరావతి స్తూపం ఇంత దగ్గరలో ఉండగా, శ్వాసను మార్చకుండా ఉన్నదున్నట్లు గమనించమనే బౌద్ధుల ఆనాపానసతి గురించి ఒక్క పాఠమైనా ఉండవలసింది. జైనులు ప్రాణాలను పదిగా లెక్కించారు: ఐదు ఇంద్రియాలు, మనోబలం, వాగ్బలం, కాయబలం, ఉచ్ఛ్వాస నిశ్వాసాలు, ఆయువు. ఒక జీవికి వీటిలో ఏ ఒక్కదానికి హాని చేసినా హింసేనన్న వారి ఆలోచన ప్రాణమనే భావనను శ్వాసకు అవతల, నడవడి దాకా తీసుకువెళుతుంది. ఉపనిషత్తుల పాఠాలు ఇంత బాగా చెప్పగల మాస్టారు వీటినీ చెబితే వినాలని ఉంది. ఈ మాట ఆయనతో అంటే, తరువాతి బ్యాచ్‌లో చేర్చడానికి ప్రయత్నిస్తానన్నారు.

వసతుల సంగతి క్లుప్తంగా. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉన్నాయి. మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. హాలుకు కిటికీలు రెండు వైపులా ఉండటంతో వేకువన గాలి బాగానే వస్తుంది, సాధన సమయంలో ఫ్యాన్లు ఆపేస్తారు. తాగే నీళ్లు ఉంటాయి, చాప ఎవరిది వారు తెచ్చుకోవాలి. కార్లు నిలపడానికి చోటు లేదు, ద్విచక్రవాహనాలకు ఇబ్బంది లేదు. రెండు నెలలకు రుసుము మూడు వేల రూపాయలు. పాఠాల సారం రాసిన జిరాక్సు ప్రతులు అందులోనే ఇస్తారు. ఆ ప్రతులలో శ్లోకాలకు అధ్యాయ, శ్లోక సంఖ్యలు కూడా ఉన్నందువల్ల ఇంటికి వెళ్లి మూలం తీసి చూసుకోవచ్చు. చెప్పే బోధనకు ఆ రుసుము చాలా తక్కువ. ఆరోగ్య వివరాల పత్రం మాత్రం చేరిన రెండవ వారంలో నింపించారు, చేరేరోజే తీసుకోవాలి.

పదిహేను రోజుల్లో ఫలితం కావాలనుకునేవారు, చెమట పట్టే వ్యాయామం కోరేవారు ఇక్కడ నిరాశపడతారు. ఇంట్లో పూజలో, సంధ్యలో, భోజనంలో ఇన్నాళ్లూ పలికిన ప్రాణం గురించి మూలగ్రంథాల సాక్ష్యంతో తెలుసుకుని, శ్వాసను భద్రంగా సాధన చేయాలనుకునేవారికి మాత్రం ఉదయం బ్యాచ్‌ను మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. చేరేముందు ఒక రోజు కూర్చుని చూడటానికి అనుమతిస్తారు. సాధన రోజు కాకుండా, పాఠం చెప్పే రోజు చూసుకుని వెళ్లండి.